మూడు చుక్కలు

కనుమ మీది టవరు మూగబోయిన నాలుగో రోజు
పడమటి నుంచి ఒక జీపు మంచు దున్నుకుంటూ వచ్చి
మా గుడారానికి అల్లంత దూరాన ఆగింది.
"కుక్కను పట్టుకోండి!" అని ఆడగొంతు కేక.
మంగోలియాలో ఎవరి గడప తొక్కినా మొదటి మాట అదే,
కుక్క లేని ఇంటికైనా సరే.

పేరు అరియున్‌బిలెగ్. నెట్‌వర్క్ బాగుచేసే మనిషి.
కొయ్యబారిన వేళ్ల మధ్య ఉప్పు టీ గిన్నె పొదువుకుని
గొలుసు చివర గుర్రుమంటున్న మావాణ్ణి చూసి నవ్వింది.
"తాతా, దీన్ని మేం ఫైర్‌వాల్ అంటాం.
తెలిసిన వాసనకు తోక, తెలియనిదానికి కోర."
"దొంగ మాంసం ముక్క విసిరితేనో?"
"అందుకేగా మాకు జీతాలు."

నా ముక్కుపొడుం బుడ్డి ఆమెకిచ్చాను.
వాళ్ల నాన్నదట, పగడం మూతది, నాకిచ్చింది.
వాసన చూసి ఎవరిది వాళ్లకు అందించుకున్నాం.
"ఇదీ మా పద్ధతే," అంది.
ఉన్నావా? ఉన్నాను, మరి నువ్వున్నావా? నేనూ ఉన్నాను.
ఆ మూడు మాటలూ అయ్యాకే అసలు కబురట.
మాట తొందరపడితే మనిషి చేరడు,
ఇది మా అమ్మ అనేది.

మా తాత టపా గుర్రం తోలినవాడు.
రాజధాని ఎటుందో చచ్చేదాకా ఎరగడు.
తరవాతి మజిలీ ఎరుగు. సంచీ అక్కడ పడేసి,
గుర్రం చెమట తుడిచి, వెనక్కి.
"రౌటర్‌కు తెలిసిందీ అంతే," అంది అరియున్‌బిలెగ్.
కాకపోతే వీళ్లు ఉత్తరాన్ని నిలువునా చించేస్తారట!
ముక్కకో నంబరు, ముక్కకో గుర్రం,
ఏ దారి ఖాళీగా ఉంటే ఆ దారి.
ఏడోది ముందొచ్చినా తప్పు లేదు,
చేరిన చోట వరస పెట్టి అతుక్కుంటారు.
నాలుగోది రాకపోతే వెనక్కి కేక:
నాలుగు మళ్లీ పంపండి.

ప్రతి ముక్క జేబులో లెక్కగా ఎండు పెరుగు బిళ్లలు.
మజిలీకొకటి తినాలి. అయిపోయిన చోట చావాలి.
"పాపం కదే!" అంది పొయ్యి దగ్గర్నుంచి మా చెవెల్మా.
"చావకపోతే అవ్వా, దారి తప్పినవన్నీ
అవే కొండల చుట్టూ తిరుగుతుంటాయి.
బతికున్నవాటికి దారి ఇరుకైపోతుంది."
పడిపోయిన చోటి నుంచి ఒక చీటీ వస్తుందట, ఇక్కడ పడింది అని.
కావాలనే ఒక్క బిళ్లతో ఒకదాన్ని, రెండింటితో మరోదాన్ని పంపి
ఆ చీటీలు ఏరుకుంటూ దారి గీస్తారట.
నిన్న గీసింది కంప్యూటర్లో చూపించింది.
అయిదు వరసలు బాగానే ఉన్నాయి. ఆరో వరసలో
మూడు చుక్కలు.
"అంటే?"
"అడిగాం. ఎవరూ పలకలేదు."
నేను పొగగూటిలోంచి పైకి చూపించాను.
అక్కడా మూడు చుక్కలే, మేం మూడు లేళ్లు అంటాం.
వేటగాడు ఎప్పటినుంచో పిలుస్తున్నాడు,
అవీ పలకవు.

తెల్లారి గుర్రాల మీద కనుమ ఎక్కాం.
టవరు మీది పళ్లేనికి అరచేతి మందాన మంచు,
మంచులో బిగుసుకుని నీలిపట్టు వస్త్రం.
ఎవరో మొక్కి కట్టారు.
ఎవరో ఏమిటి, ముడి చూస్తే తెలియదా, మా ఆవిడే!
"అంత ఎత్తున నిలబడి అందరి మాటలూ మోసేదానికి
దండం పెట్టొద్దా?" అంది ఇంటికొచ్చి అడిగితే.
ఆ పిల్ల కోప్పడలేదు. మంచు చెక్కి, వస్త్రం విప్పి
టవరు కాలికి మళ్లీ కట్టింది,
ముడి కాస్త వదులుగా.

జీపు కదిలింది. చెవెల్మా పాలగిన్నెతో బయటికి పరిగెత్తి
చక్రాల జాడ మీద, ఆకాశం మీద గరిటెడు చల్లింది.
కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది అరియున్‌బిలెగ్:
"అవ్వా, దీన్ని యూడీపీ అంటారు!
పంపడమే. చేరిందా అని అడగరు."

రాత్రి పొయ్యి మలుపుతూ చెవెల్మా అంది,
"చేరి ఉంటుందా?"
"అడగకూడదట కదే."
లేచి, తలుపు తీసి,
ఇంకో గరిటె చల్లొచ్చింది.